పటానికి పాలు, పంటకు తరుగు

తొమ్మిది రోజుల్లో తొమ్మిది వేల కోట్ల రైతు భరోసా పెట్టుబడి సాయం పంచామని 2025 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం సంబరాలు జరిపిన కొద్ది వారాలకే, ఆగస్టు 2న ఆంధ్రప్రదేశ్‌లో అన్నదాత సుఖీభవ సాయం తొలి విడత రైతుల ఖాతాల్లో పడడంతో, వ్యవసాయానికి విశిష్ట సేవ చేసిన నాయకులను సత్కరించే విద్యలో రెండు రాష్ట్రాలూ సమాన పాండిత్యం గడించాయని అంగీకరించక తప్పదు. ఈ విద్యకు పార్టీ భేదం లేదు. 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు గులాబీ కండువాలు నెరపిన క్రతువునే నేడు మూడు రంగుల కండువాలు, పసుపు కండువాలు నెరపుతున్నాయి. పాలు మాత్రం అప్పుడూ ఇప్పుడూ తెల్లగానే ఉన్నాయి.

పాలాభిషేకం అనే ఈ క్రతువుకు శాస్త్రకారులెవరూ లక్షణం చెప్పి ఉండలేదు గనుక ఇక్కడ చెప్పడం అవసరం. నాయకుని ముఖం అచ్చువేసిన ఫ్లెక్సీని, అంటే ప్లాస్టిక్ పూత గల గుడ్డను, చెక్క చట్రానికి బిగించి, కూడలిలో నిలబెట్టి, నుదుటి భాగాన పాలు పోయడం దీని ప్రధానాంగం. పోసేవారి కంటే ముందే ఫొటో తీసేవారు చేరుకోవడం దీని ఉపాంగం. శివాలయంలో లింగం మీద పోసిన పాలు పానవట్టం దాటి సోమసూత్రం గుండా, అనగా అభిషేక జలం గర్భగుడి వెలుపలికి పోయే తూము గుండా, బయటికి వస్తాయి. ఫ్లెక్సీకి సోమసూత్రం లేదు. అందుచేత అవి నాయకుని కనుబొమల మీదుగా, చిరునవ్వు మీదుగా, అడుగున బారులు తీరిన మండల నాయకుల ముఖాల మీదుగా జారి మురుగుకాలువలో కలుస్తాయి. పైస్థాయిలో విడుదలైనది మధ్యలో ఎవరి దగ్గరా ఆగకుండా కిందిదాకా చేరడం వ్యవసాయ శాఖ పరిధిలో బహుశా ఈ ఒక్క సందర్భంలోనే చూడగలం.

పాల సంగతి మరికొంత పరిశీలించదగినది. పాడిరైతు తెల్లవారకముందే పితికి తెచ్చిన పాలకు సేకరణ కేంద్రంలో వెన్న శాతం చూస్తారు, ఎస్‌ఎన్‌ఎఫ్ చూస్తారు, అంటే వెన్న పోగా మిగిలే ఘనపదార్థం ఎంతో కొలుస్తారు, పాయింటు తగ్గితే ధర కోస్తారు. ఆ పాలే పట్నం వెళ్లి, వెన్న మూడు శాతానికి కుదించిన టోన్డ్ పాల ప్యాకెట్లుగా తిరిగివచ్చి, ఎవరి పేరిట ఈ వేడుక జరుగుతున్నదో ఆ రైతు ఊళ్లోనే నేలపాలవుతాయి. నాయకుని సేవలో వెన్న ఎంత, నీళ్లెంత అని తేల్చే యంత్రాన్ని మాత్రం ఏ కేంద్రంలోనూ పెట్టలేదు.

ఇంతకూ ఆ పాలు పోసే చేతులు రైతువని అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే అదే ఆగస్టులో అతడు యూరియా బస్తా కోసం సహకార సంఘం ముందు పడిగాపులు కాశాడు. నిలబడే ఓపిక నశించి, తన బదులు చెప్పులనూ పాసుపుస్తకాన్నీ వరుసలో పెట్టి పక్కన కూలబడ్డాడు. ఆ పాసుపుస్తకం మీద, పొలం గట్టున పాతిన సర్వే రాయి మీద కూడా ముఖ్యమంత్రి పేరో బొమ్మో ఉండి తీరాలన్న ఆంధ్రప్రదేశ్ ప్రయోగం 2024 ఎన్నికలతో ముగిసింది. తాతముత్తాతల భూమికి పరాయి బొమ్మ ఎందుకని అడగడానికి ఎన్నికల దాకా ఆగవలసి రావడమే వింత.

ఢిల్లీ సత్కారాల తీరు వేరు. అక్కడ పాలు ఉండవు, శాలువాలు ఉంటాయి. 2017లో మిర్చి ధర కుప్పకూలి, కడుపు మండిన రైతులు ఖమ్మం మార్కెట్ యార్డు మీద విరుచుకుపడితే, అరెస్టు చేసిన పదిమందిని మే నెలలో చేతులకు బేడీలు వేసి కోర్టుకు నడిపించారు. అదే సంవత్సరం అదే రాష్ట్ర ముఖ్యమంత్రిని ఢిల్లీలో వ్యవసాయ నాయకత్వ పురస్కారానికి ఎంపిక చేశారు. బేడీలు వేసినందుకు కొందరు పోలీసు అధికారులను సస్పెండ్ చేశారు, పురస్కారానికి ఏ అడ్డూ రాలేదు. ఇది సిగ్గుచేటు, దీనికి మరో పేరు వెదకనవసరం లేదు. కౌలు రైతు, అంటే ఇతరుల భూమికి డబ్బో గింజలో చెల్లించి సాగుచేసేవాడు, అదే ముఖ్యమంత్రి తెచ్చిన రైతుబంధులో ఒక్క రూపాయి చూడలేదు. అతనికీ ఇస్తామని 2023లో మాటిచ్చి గెలిచినవారి తొమ్మిది రోజుల పంపకంలోనూ అతడు లేడు. పంట పోతే అప్పు అతనిది, పరిహారం పట్టాదారుది, పాలాభిషేకం నాయకునిది.

వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్‌కు 2024 ఫిబ్రవరి 9న భారతరత్న ప్రకటించారు. సాగు ఖర్చుకు సగం అదనంగా కలిపి మద్దతు ధర ఇవ్వాలన్న ఆయన సిఫారసును అడుగుతూ బయలుదేరిన పంజాబ్ రైతుల మీద, నాలుగు రోజులకే, హరియాణాతో కలిసే శంభు సరిహద్దులో డ్రోన్లతో బాష్పవాయు గోళాలు జారవిడిచారు. సొంత భూమి కౌలు విలువను, సొంత పెట్టుబడిపై వడ్డీని ఖర్చులో కలిపి లెక్కిస్తే 2023-24లో సాధారణ వరికి క్వింటాలు ధర 2,866 రూపాయలు కావాలి, ప్రకటించినది 2,183. ఆ తేడాకు బదులుగా పతకం ఇచ్చారనుకోవాలి, అదీ ఆయన మరణించిన తరువాత.

సత్కారాలు మానుకోమనడం అత్యాశే గనుక, ధాన్యం కొనుగోలు కేంద్రం నిబంధనలను వాటికీ వర్తింపజేయడం న్యాయం. తేమ 17 శాతం మించితే వడ్లకు కాంటా పెట్టరు. హామీలో తేమ అంతకు మించినప్పుడు ఫ్లెక్సీని కూడా కూడలిలో ఎండబెట్టి, రోజుకు రెండుసార్లు తిరగవేయాలి. తాలు, మట్టి పేరిట బస్తాకు రెండు మూడు కిలోలు తరుగు తీస్తున్నట్టే, పటం ముందుకు తెచ్చిన ప్రతి లీటరులో కొంత తరుగు పట్టి అంగన్‌వాడీకి పంపాలి. మిగిలిన పాలకు ట్రక్ షీట్, అంటే మిల్లుకు పంపే లోడు లెక్క కాగితం, రాసి, మిల్లరు సరే అనేదాకా ప్యాకెట్టు విప్పకూడదు. ఈలోగా పాలు విరిగితే ఆ నష్టాన్ని, అకాల వర్షానికి కల్లంలో ధాన్యం తడిసినప్పుడు పాటించే పద్ధతి ప్రకారమే, సత్కారం అందుకునేవారే పూర్తిగా భరించాలి.