వీస వలదు (టీకా తాత్పర్య సహితము)

మూలము

ఆ.వె.
వీస వలదు పోయి వేడ్కతో తిరుగంగ
చిన్న బుక్కు చాలు చేతిలోన
తిరుగు టిక్కెటున్న దిగులేల ధనమున్న
దార్లు తెరచి యుండు ధరణి యెల్ల

అవతారిక: ద్రాక్షారామంలో భీమేశ్వరస్వామి దర్శనం చేసుకుని బస్సు కోసం నిలబడినవారికి ఎదురుగా అగుపించు ఒకానొక ట్రావెల్సు వారి ఫ్లెక్సీకి ఇది పద్యరూపము. ఫ్లెక్సీలో ఏనుగు, సముద్రము, ఈఎంఐ సౌకర్యము కూడ కలవు. గణములు కుదరమిచేత ఈఎంఐని వదలివేయడమైనది.

టీక: వీస = ముందుగా తీసుకోవలసిన అనుమతి; వలదు = అక్కరలేదు; వేడ్కతో = వినోదార్థమై, అనగా కూలికి గాని కొలువుకు గాని కాక; చిన్న బుక్కు = పాస్‌పోర్టు, ఇంకను ఆర్నెల్ల ఆయువు మిగిలియున్నది; చాలు = చాలదు (విపరీతలక్షణ); తిరుగు టిక్కెటు = వెనుకకు వచ్చుటకు కొన్నది; దిగులేల = కౌంటరు వద్ద తెలియును; ధరణి యెల్ల = థాయ్‌లాండు, మలేసియా, మారిషసు, నేపాలు మొదలగు కొన్ని దేశములు. ఇచ్చట అతిశయోక్తి.

విశేషము: వీస వలదనుటకు ప్రమాణమేమి? థాయ్‌లాండు వారు మనకు 2023 నవంబరు 10 నుంచి 30 రోజులన్నారు, 2024 జులై 15 నుంచి 60 రోజులన్నారు. మలేసియా వారు 2023 డిసెంబరు 1న 30 రోజులతో తలుపు తీసి, గడువును 2026 చివరిదాకా పొడిగించారు. ఇంతవరకు ఫ్లెక్సీ మాట నిజమే. అయితే పోయినది వీసాయే కాని పరీక్ష కాదు. రాయబార కార్యాలయంలో అడగవలసిన ప్రశ్నలన్నీ విమానాశ్రయపు కౌంటరు దగ్గరికి మారాయి, అంతే. ఎందుకొచ్చావు, ఎక్కడుంటావు, ఎప్పుడెళ్తావు అనేవాటికి జవాబు నచ్చకపోతే వచ్చిన విమానంలోనే వెనక్కి పంపే అధికారం ఆ కుర్చీలో కూర్చున్నవాడిదే. ద్రాక్షారామం వాసికి ఇది వేరే చెప్పనక్కరలేదు. పుట్టింటికి పిలుపెందుకని, ఈ ఊళ్ళోనే జరిగిందని చెప్పుకునే దక్షయజ్ఞానికి బయలుదేరిన సతీదేవికి గుమ్మం దగ్గర అడ్డు లేదు. లోపల ఆదరణా లేదు. వీసా రహిత ప్రవేశానికి మన స్థలపురాణమే తొలి ఉదాహరణమని ఈ వ్యాఖ్యాత అభిప్రాయము. ఇతర వ్యాఖ్యాతలు దీనిని ఎందుకు పట్టించుకోలేదో తెలియదు.

"వేడ్కతో": పద్యానికి ప్రాణపదము. ఫ్లెక్సీలో అన్నింటికన్నా చిన్న అక్షరాలు దీనివే. కోనసీమ నుంచి కువైట్, మస్కట్ వెళ్ళే ఆడవాళ్ళకు, వాళ్ళను సాగనంపే వాళ్ళకు "విజిట్ మీద వెళ్ళిపో, అక్కడికెళ్ళాక మార్పిస్తాం" అనే మాట కొత్త కాదు. వీసాయే లేని దేశమైతే ఏజెంటు పని ఇంకా తేలిక. థాయ్‌లాండులో దించి, రాత్రికి రాత్రి సరిహద్దు దాటించి, మయన్మార్‌లోని మ్యావడీ దగ్గర సైబర్ మోసాల శిబిరాల్లో కుర్రాళ్ళను కూర్చోబెట్టారు. మన తెలుగు కుర్రాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. 2025 మార్చిలో 549 మంది భారతీయులను వాయుసేన విమానాలు థాయ్ సరిహద్దు ఊరైన మే సోట్ నుంచి తిరిగి తెచ్చాయి. ఇరాన్ కథ మరొకటి. విమానంలో వచ్చే మన పర్యాటకులకు 2024 ఫిబ్రవరి నుంచి 15 రోజులు వీసా లేకుండా రానిచ్చింది. ఉద్యోగాలని నమ్మించి తీసుకెళ్ళి, దిగగానే ఎత్తుకుపోయి ఇంటివాళ్ళ దగ్గర డబ్బు గుంజిన ఉదంతాలు బయటపడ్డాయి. 2025 నవంబరు 22 నుంచి ఆ సౌకర్యం ఆగిపోయింది. కావున వీసా లేని దేశంలో జీతం ఇప్పిస్తానన్నవాడు ఏ శాస్త్రం ప్రకారం చూసినా దొంగ.

శంక: చిన్న బుక్కు లేనివారికి గతి యేమి?

సమాధానము: నేపాలు కలదు. అక్కడికి పాస్‌పోర్టు కూడ అక్కరలేదు, ఓటరు కార్డు చాలును. కాశీ, పశుపతినాథ్ ప్యాకేజీ గురించి ఆ ట్రావెల్సు బల్ల దగ్గర జరిగిన సంవాదము ఇది:

"ఏవండీ, ఆధారు చూపిస్తే విమానం ఎక్కనిత్తారాండీ?"

"తమరి వయసెంతండీ?"

"అరవై ఎనిమిదండీ."

"ఆయ్, తమరికి పర్లేదండీ. అరవై అయిదు దాటితే ఆధారు చెల్లుద్దండీ. అమ్మగారికో?"

"అరవై రెండండీ."

"అమ్మగారు ఓటరు కార్డు ఎతుక్కోవాలండీ."

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. బీరువా తాళం ఎవరి దగ్గరుందో గుర్తు చేసుకుంటున్నట్టున్నాడు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు కూడ ఆధారు చెల్లును. నడిమి వయసువారికే చిక్కంతా. భూటానుకూ ఓటరు కార్డుతో పోవచ్చును గాని, అక్కడ రాత్రికి మనిషికి 1,200 రూపాయలు రుసుము. నిద్రపోయినా ఇంతే.

పాఠాంతరము: "చిన్న ఫోను చాలు" అని కొన్ని ప్రతులయందు కలదు. గణభంగము లేదు, అర్థమూ బాగున్నది. 2025 మే 1 నుంచి థాయ్‌లాండుకు దిగబోయే మూడు రోజుల లోపల డిజిటల్ అరైవల్ కార్డు ఫోనులో నింపాలి. మలేసియాకూ అటువంటిదే. రెండూ ఉచితమే. "సర్వీసు చార్జీ" అని రసీదులో కనబడినచో అది ప్రక్షిప్తమని గ్రహించునది.

"ధనమున్న": థాయ్‌లాండు వారు అడిగితే ఖర్చులకు సరిపడా డబ్బు చూపాలి. అడగకపోవచ్చు. మెళ్ళో నాంతాడు చూపిస్తే ఒప్పుకుంటారా అని ఒక శిష్యుడు అడిగెను. ఒప్పుకోరు. తిరుగు టిక్కెట్టు మాత్రం ముందుగా మన విమానాశ్రయంలోనే అడుగుతారు, ఎందుకంటే అక్కడ కాదని పంపేస్తే వెనక్కి మోసుకురావలసింది ఆ విమాన సంస్థే.

"దార్లు తెరచి యుండు": ఈ మాటను ద్రాక్షారామం వారు బ్యాంకాక్ లేని రోజుల్లోనే అనుభవించారు. ఆగ్నేయంగా పోతే యానాం. 1954 దాకా అది ఫ్రెంచి సీమ, అనగా పరదేశము. పొద్దున వెళ్ళి సాయంత్రానికి రాగల పరదేశము. శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చి పద్నాలుగేళ్ళ లోపు పిల్లకు పెళ్ళి నేరమైనప్పుడు, ఇటువైపు పెద్దలు పిల్లనూ పురోహితుణ్ణీ వెంటబెట్టుకుని యానాం పోయి మూడు ముళ్ళూ వేయించుకొచ్చారు. బ్రిటిషు చట్టం అక్కడ చెల్లదు మరి. యానానికి కల్యాణపురమని పేరొచ్చింది. స్వల్పకాల విదేశ ప్రయాణాల చరిత్రలో ఇంత సిగ్గుమాలిన అధ్యాయం మరొకటి ఉండదు. మేళతాళాలతో జరిగింది కాబట్టి ఎవరూ సిగ్గుపడలేదు. ఇప్పుడు అదే దారిలో పెట్రోలు చవకని బండ్లు పోతున్నాయి. సీసాల సంగతి వ్యాఖ్యాతకు అనవసరము.

దడాల రఫేల్ రమణయ్య మొదలైనవారు 1954 జూన్ 13న యానాంలో ఫ్రెంచి పాలనను దించేశారు. ఆ నవంబరు 1న పాలన మన చేతికొచ్చింది. కాగితాల మీద అప్పగింత పూర్తయ్యేసరికి 1962 ఆగస్టు 16 అయింది. అప్పుడు ఫ్రెంచి పౌరసత్వమే ఉంచుకుంటామన్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వారి చేతిలోని చిన్న బుక్కుకు ఐరోపాలో చాలా దేశాలు వీసా అడగవు. పద్యంలోని నాలుగు పాదాలూ అక్షరాలా చెల్లేది వారికే. కాకపోతే పారిస్‌లో స్థిరపడ్డ యానాం మనవడు అమ్మమ్మను చూడడానికి రావాలంటే భారత ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకోవాలి.