ముప్పై ఆంపుల పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది):

ఏసి తిరుగు వేళ నెవ్వరు నోవెను
అంటరాదు కెటిలు నసలె వలదు
నేను గేము నాడ నీవన్ని యాపవే
పెట్టె చిన్న తీగ బీద గనుక

అవతారిక: అమెరికాలో ట్రెయిలర్‌లో కాపురముంటున్న ఒక కవి, ఆటలో శత్రువు కోటలోకి చొరబడిన క్షణాన కరెంటు పోగా, ఆ దుఃఖంలో ఈ పద్యం చెప్పి ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. పేరు చెప్పుకోలేదు. 30 ఆంపుల కనెక్షన్‌వాడని మాత్రం పద్యమే పట్టిస్తోంది. 50 ఆంపులవాడికి రెండు 120 వోల్టుల లైన్ల మీద కలిపి 12,000 వాట్లుంటాయి. అతనికి పద్యం రాయాల్సినంత కష్టం ఉండదు.

ప్రతిపదార్థం: ఏసి = నడినెత్తిన కూర్చున్న 13,500 బీటీయూల శీతలయంత్రం; తిరుగు వేళన్ = తిరుగుతున్నప్పుడు, అనగా ఎండాకాలమంతా; ఎవ్వరున్ = చుట్టపుచూపుగా వచ్చిన అత్తగారు సహా ఎవరూ; ఓవెను = మైక్రోవేవును; అంటరాదు = ముట్టుకోకూడదు; కెటిలున్ = నీళ్లు కాచే కరెంటు కెటిల్ కూడా; అసలె వలదు = ఏసీ ఉన్నా లేకున్నా వద్దు; నేను = కవిని; గేమున్ ఆడన్ = ఆడుతుండగా; నీవు = ఎవరో చెప్పనక్కరలేదు; అన్ని = అన్నిటినీ; ఆపవే = ఆపుము; పెట్టె = వివరం ముందుంది; చిన్న = చిన్నది; తీగ = కరెంటు తీగ; బీద = పేదది; కనుక = అందుచేత.

తాత్పర్యం: 30 ఆంపులను 120 వోల్టులతో గుణిస్తే 3,600 వాట్లు. కవి ఆస్తి అంతే. మన ఊళ్లలో 230 వోల్టులు గనుక అవే 30 ఆంపులకు 6,900 వాట్లు దక్కేవి. పరాయి దేశం వెళ్లి ఈ విషయంలో మాత్రం కవి నష్టపోయాడు. ఏసీ సుమారు 1,500, మైక్రోవేవ్ మరో 1,500, కంప్యూటర్ 600. కూడితే సరిగ్గా 3,600 అని మురిసిపోయి ఉంటాడు పాపం. దీపాలు, బ్యాటరీ చార్జరు ఆ కూడికలో లేవు. పైగా గంటల తరబడి లాగే లోడును బ్రేకర్ సామర్థ్యంలో 80 శాతం దాటనివ్వకూడదని అక్కడి నియమం. అంటే 24 ఆంపులు, 2,880 వాట్లు.

విశేషాలు: "తీగ బీద" అన్నచోట ఆగాలి. బయటి తీగ 30 ఆంపులదే, కానీ లోపల అది శాఖలుగా చీలుతుంది. కంప్యూటర్ పెట్టిన ప్లగ్గుల శాఖకు తరచుగా 15 ఆంపుల బ్రేకరే ఉంటుంది. దాని మీద కంప్యూటర్ 5 ఆంపులు తీసుకుంటుండగా, 1,500 వాట్ల కెటిల్ వచ్చి 12.5 అడిగితే మొత్తం 17.5. ఏసీ ఆపినా ఈ తగవు తీరదు. ఓవెనుకు కాలనియమం పెట్టిన కవి కెటిల్‌కు "అసలె" అన్నది ఇందుకే. ఇంత చిన్న మాటలో ఇంత వైరింగు ఇమిడ్చిన కవి మరొకడు నా ఎరుకలో లేడు.

కెటిల్ పెట్టగానే బ్రేకర్ ఎందుకు పడదని శిష్యులు అడుగుతారు. ఇలాంటి లోడుకు లోపలున్న ద్విలోహ పట్టీ వేడెక్కి వంగితేనే అది పడుతుంది. కొద్దిపాటి అధిక లోడును కొన్ని నిమిషాలు ఓర్చుకుంటుంది. ఆ ఓర్పు ఆట మంచి పట్టులో ఉన్నప్పుడే అయిపోతుందన్నది అనుభవజ్ఞుల మాట. దీనికి శాస్త్రప్రమాణం లేదు.

ఎండ ముదిరి ట్రెయిలర్ల పార్కులో అందరి ఏసీలూ తిరిగితే వోల్టేజి పడిపోతుంది. కంప్యూటర్ పవర్ సప్లై తనకు కావలసిన వాట్లు తాను లాగే తీరుతుంది, వోల్టులు తగ్గిన కొద్దీ ఆంపులు పెంచుతుంది. బీద తీగకు ఇది అధికమాసం.

పాఠాంతరం: "తీగ బీద"కు బదులు "తీగ లేదు" అని కొందరు చదువుతారు. వీరు అరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ చుట్టూ ఎడారిలో, కనెక్షనే లేకుండా బ్యాటరీల మీద బతికే శాఖవారు. 12 వోల్టుల 100 ఆంప్‌అవర్ల లెడ్ బ్యాటరీలో ఉండేది 1,200 వాట్‌అవర్లు, ఆరోగ్యంగా వాడుకోగలిగేది సగం, ఇన్వర్టర్ తినేది పోగా ఈ కంప్యూటర్‌కు గంటసేపటి ఆట కూడా రాదు. వారి కష్టం నిజమే. అయినా "పె"కు "లే" యతి చెల్లదు గనుక ఆ పాఠం అగ్రాహ్యం.

"పెట్టె"లో శ్లేష ఉంది. బ్రేకర్ల పెట్టె ఒక అర్థం, కంప్యూటర్ క్యాబినెట్ రెండోది. ట్రెయిలరే పెట్టె అన్నది మూడోదీ, ముఖ్యమైనదీ. కంప్యూటర్ తిన్న ప్రతి వాటూ చివరికి వేడిగా ఆ పెట్టెలోకే వస్తుంది. 600 వాట్లంటే గంటకు రెండువేల పైచిలుకు బీటీయూలు, ఏసీ శక్తిలో ఏడోవంతుకు కాస్త పైన. కవి ఒక ప్లగ్గుతో పొయ్యి వెలిగించి మరో ప్లగ్గుతో దాన్ని చల్లారుస్తున్నాడు.

అలంకారం: "గనుక" అని హేతువు చెప్పడంచేత కావ్యలింగం. కానీ హేతువు మూడో పాదానికి అతుకుతుందా? ఇక్కడే నాకు కవితో పేచీ.

పూర్వపక్షం: గేము ఆడాలంటే అందరూ అన్నీ ఆపక తప్పదు.

సిద్ధాంతం: తప్పుతుంది. ఏసీ, కంప్యూటర్ కలిసి 2,100 వాట్లే. ఇబ్బందల్లా ఓవెను తిరిగే ఆ రెండు మూడు నిమిషాలది. దానికి మందు కంప్యూటర్‌లోనే ఉంది. చిప్పు తినే శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టీ, వేగాన్ని బట్టీ పెరుగుతుంది. చివరి కాస్త వేగానికే ఎక్కువ వాట్లు ఖర్చవుతాయి. ఆర్‌టీఎక్స్ 4090 వంటి 450 వాట్ల గ్రాఫిక్స్ కార్డుకు ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ 300 వాట్ల దగ్గర పెడితే, పోయే వేగం సాధారణంగా పదోవంతు చుట్టూ ఉంటుంది. గోడ ప్లగ్గు దగ్గర 600 వాట్లు కాస్తా 430 అవుతుంది. అప్పుడు ఏసీ, ఓవెను, కంప్యూటర్ కలిపి 3,430. దీపాలకూ కొంచెం మిగిలింది. ఇంట్లోవాళ్లు అన్నం వేడిచేసుకోవచ్చు. ఫ్రేములను సెకనుకు 60కి కట్టేస్తే చాలా ఆటల్లో ఇంకా తగ్గుతుంది.

కాబట్టి మూడో పాదాన్ని "నేను గేము నాడ నేనె తగ్గించెద" అని సవరిస్తున్నాను. గణాలూ యతీ సరిపోయాయి. కెటిల్ నిషేధాన్ని మాత్రం ముట్టుకోలేదు: 430 వాట్లకు దిగినా ఆ శాఖ మీద మొత్తం 16 ఆంపులు దాటుతూనే ఉంది. టీ కావలసినవారు గ్యాస్ మీద పెట్టుకోగలరు.