ధూమరసజ్ఞ ప్రశస్తి

ఏ పానీయమునైనను మెచ్చుకొనదలచినవాడు అది మధురమనియో, పరిమళభరితమనియో చెప్పుట లోకమున పరిపాటి. కాని స్కాట్లాండు పడమటి తీరమునందలి ఐలా ద్వీపమున పుట్టి, పాతికయేండ్లు పీపాలో కాపురముండి వచ్చిన పొగవాసన సింగిల్ మాల్ట్ విస్కీని వర్ణింపబూనిన రసజ్ఞుడు మాత్రము, ఆసుపత్రి కట్టుగుడ్డ, టింక్చర్ అయొడిన్, తారు పూసిన పడవత్రాడు, ఒడ్డున కుళ్లిన సముద్రపు నాచు, కాలిన రబ్బరు అను వస్తువులను వరుసగా పేర్కొని, అర్ధనిమీలితనేత్రుడై "ఆహా" యనును. పిడకల దాలిపై కాగిన పాలు పొగచూరెనని ఇల్లాలిపై నిప్పులు చెరుగు గృహస్థుడే, ఇచ్చట ఆ పొగకు వేలకు వేలు చెల్లించి తరించుచున్నాడు.

ఆ వాసనలు కల్పితములని నేననను. మొలకెత్తించిన యవలను ఆరబెట్టునపుడు క్రింద పీట్‌ను, అనగా వేలయేండ్లుగా చిత్తడినేలలలో చివికి పేరుకొన్న నాచుమట్టిని రగిల్చి, ఆ పొగ ధాన్యమునకు పట్టింతురు. అందలి ఫినాలు, క్రెసాలు, గ్వయకాలు మొదలగు ద్రవ్యములు రాగి బట్టీలను దాటి సీసా వఱకు వచ్చును. క్రెసాలు క్రిమిసంహారక ద్రావకములలో వాడబడునది గనుక, దానిని మూచూచినవానికి ఆసుపత్రి జ్ఞప్తికి వచ్చుటలో నాసికాప్రతిభ యేమియు లేదు. వార్డు కడుగు ఆయాకు ఈ జ్ఞానము జీతముతోపాటు ఊరకనే లభించుచున్నది.

ఈ పొగకు అంకెలు కూడ కలవు. ఐలా బట్టీలలో ఆర్డ్‌బెగ్ వారి మాల్టులో ఫినాళ్లు పదిలక్షలకు సుమారు 55 పాళ్లనియు, బ్రూక్‌లాడీ వారి ఆక్టోమోర్‌లో ఒకానొకటి 300 దాటినదనియు రసజ్ఞులు వేదపనసవలె వల్లించెదరు. అయితే ఆ అంకె ధాన్యమునందు కొలిచినదే గాని గ్లాసునందు కొలిచినది కాదు. బట్టీయందే పెద్దభాగము జారిపోవును, మిగిలినదియు పీపాలో ఏండ్లు గడచినకొలది సన్నగిలును. కావున అధికమైన పొగకును అధికమైన వయస్సునకును ఒక్కమారే వెల చెల్లించువాడు, ఒకదానినొకటి తినివేయు రెండు సరకులను ఒకే సంచిలో కొనుచున్నాడు. ఈ సంగతి తెలియనివాడు రసజ్ఞుడు కాడు. తెలిసినవాడు పైకి చెప్పడు.

వయస్సు మహిమయు విచారింపదగినదే. చట్టము కోరునది ఓకు పీపాలో మూడేండ్ల వాసమే. స్కాట్లాండు చలిలో ఏటికి నూటికి సుమారు రెండుపాళ్ల చొప్పున ఆవిరియైపోవు భాగమును అచ్చటివారు దేవదూతల వాటా యందురు. ఆ దేవదూతలు త్రాగిన దానికిని మూల్యము మానవుడే చెల్లింపవలెను. బెంగుళూరిలో నూటికి 10 పాళ్లకు మించి పోవుటచేత, 2004లో గ్లాస్గో నగరమున అడుగిడిన అమృత్ విస్కీ నాలుగైదేండ్లకే పండును. ఉష్ణోగ్రత చేయు పనిని పంచాంగమునకు ఆరోపించి ముప్పదియేండ్ల సీసా ముందు మోకరిల్లుట భక్తి యగునేమో గాని పరీక్ష కాదు. ఇక రంగు! దీపమున కెత్తిపట్టి, ఆ తేనెవన్నెలో దశాబ్దములను చదువు మహానుభావుడు, మాడ్చిన చక్కెరరంగు కలుపుటకు 2009 నాటి స్కాచ్ విస్కీ నియమములే అనుమతించుచున్నవని యెరిగిన పిమ్మట ఏమి చదువునో.

సముద్రపు ఉప్పుగాలి పీపా చెక్కలలోనికి చొచ్చి విస్కీకి లవణరుచి నిచ్చునని మరియొక పురాణము. ఐలా బట్టీలలో పెద్దదైన కల్ ఈలా సారాలో అధికభాగము ట్యాంకర్లలో ప్రధానభూమికి తరలి, అచ్చటి గిడ్డంగులలోనే పండుచున్నది. అయినను దానిని చప్పరించినవాడు అలల ఘోష వినక మానడు.

నీటి వివాదమును చెప్పకున్న ఈ ప్రశస్తి అసంపూర్ణమగును. ఒక్క చుక్క వేయవచ్చునా, రెండు వేయవచ్చునా యని గాజుగొట్టము చేతబట్టి తర్కించు పండితమండలి కలదు. నీరు కలిపినపుడు గ్వయకాలు ద్రవము పైతలమునకు చేరునని 2017లో ఇద్దరు స్వీడను శాస్త్రజ్ఞులు కంప్యూటరు గణనముచేత చూపగా, ఒక చుక్క పక్షమువారు విజయోత్సవము చేసికొనిరి. ఈ తర్కమంతయు సాగుచున్న విస్కీలోనికే, సీసా నింపుటకు పూర్వము, ఉత్పత్తిదారుడు సామాన్యముగా బిందెలకొలది నీరు పోసి మద్యసారమును నూటికి 46 పాళ్లకో 43 పాళ్లకో దించియున్నాడు. ఆయన గాజుగొట్టము వాడలేదు.

విస్కీపై నాకు ద్వేషము లేదు. చలిరాత్రి పుచ్చుకొనదగిన మంచి పానీయమే. నా పేచీ అంతయు చీటీని నాలుకతో చదువువారితోడనే. సీసాకు గుడ్డ చుట్టి పోయుదమని యన్నచో, వారికి అకస్మాత్తుగా జలుబు చేయును.

ఐలాలోని మరియొక బట్టీయైన లఫ్రోయిగ్ వారు ఈ భక్తిని 1994లోనే కనిపెట్టి, తమ సీసా కొని పేరు నమోదు చేసికొన్నవానికి ఐలా నేలలో చదరపు అడుగు యావజ్జీవము వ్రాసియిచ్చు పద్ధతి పెట్టిరి. అందుకు వారు చెల్లించు కౌలు ఏటికొక గ్రుక్కెడు విస్కీ; వసూలునకు భూస్వామి స్వయముగా దీవికి పోవలెను. విమానపు టికెట్టు ఆయన ఖర్చే.