ఉద్దానంలో సభ పెట్టే సంస్థలకు తలకిందుల సలహాలు

విశాఖ హోటల్లో సదస్సు పెట్టి, కిడ్నీ రోగుల ఫొటోలు గోడల నిండా అతికించి, మంత్రిగారిని పిలిచి, మర్నాడు పేపర్లో వార్త వేయించుకోవడం. ఫౌండేషన్లలో ప్రచార విభాగంలో చేరినవాళ్లకు నేర్పే పని ఇదే. శ్రీకాకుళం జిల్లా నందిగాం నుంచి చెబుతున్నాను, దీన్ని తిరగేసి చేయండి. మీ పైవాళ్లు వద్దంటారు. అయినా చేయండి.

ముఖ్య అతిథికి ఎప్పుడు వీలవుతుందని ముందే అడగకండి. పలాస, టెక్కలి, సోంపేట డయాలసిస్ కేంద్రాల్లో ఎవరి వంతు ఏ రోజో కనుక్కోండి. వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు మెషిన్ మీద ఉండి వచ్చిన మనిషి ఆ పూట కుర్చీలో కూర్చోలేడు. వాళ్లకు వంతు లేని రోజునే సభ పెట్టండి. ఆ రోజు మంత్రిగారికి కుదరకపోతే ఆయన లేకుండానే జరపండి.

ముఖాలు చూపించకండి, ఊరి పేరూ వేయకండి. ముఖం కనబడితేనే దాత మనసు కరుగుతుందంటారు, నిజమే కావచ్చు. కానీ కిడ్నీ ఊరని పేరు పడితే ఇక్కడ ఆడపిల్లకు సంబంధం కుదరడమే కష్టం. మంచం మీదున్న తండ్రి ఫొటో ఏళ్ల తరబడి సెల్‌ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. ఎంత విరాళం వచ్చినా ఆ నష్టం పూడదు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పేది, కారణం తెలిసిపోయినట్టు రాయకండి. ఉద్దానంలో ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇంకా తేలలేదు. నీళ్లు, ఎండలో పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు, అన్నిటి మీదా అనుమానమే. ఇదే కారణమని దేన్నీ రుజువు చేయలేకపోయారు. శ్రీలంకలో వరి రైతులకూ నికరాగ్వాలో చెరకు కూలీలకూ ఇలాంటి జబ్బే వస్తోంది, అక్కడా చిక్కు పూర్తిగా వీడలేదు. అలాంటప్పుడు మీరు ఆర్‌వో ప్లాంటు పెట్టి, ఇక కిడ్నీ భయం లేదని బ్యానర్ కడితే ఏమవుతుంది? మంచినీళ్లే తాగుతున్నాం కదా అని రైతు రక్తపరీక్షకు వెళ్లడం మానేస్తాడు. ఇది ముదిరేదాకా పైకి తెలియని జబ్బు. కాళ్లు వాచి, ఆకలి చచ్చి ఆస్పత్రికి వెళ్లేసరికి క్రియాటినిన్ చేయి దాటి ఉంటుంది. 2023 డిసెంబరులో హిరమండలం నుంచి ఉద్దానానికి నీళ్లు తెచ్చే పథకాన్నీ, పలాసలో 200 పడకల ఆస్పత్రినీ, కిడ్నీ పరిశోధన కేంద్రాన్నీ ప్రారంభించారు. అన్నీ కావలసినవే, కానీ వాటితో కారణం తేలిపోలేదు. అందుకే మీ కరపత్రం మొదటి పేజీలోనే రాయండి: కారణం తెలియదు, మంచినీళ్లు తాగండి, పరీక్ష మాత్రం మానకండి.

ఇక ఖర్చు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో ఆ విరాళాల్లో పరిపాలనా ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. కోత తప్పకపోతే ఆర్ట్ పేపరు మీద అచ్చేసే వార్షిక నివేదికకు పెట్టండి. ఇంటింటికీ వెళ్లి రక్తపరీక్ష రిపోర్టులో ఏముందో చదివి చెప్పే స్థానిక అమ్మాయి జీతం ముట్టుకోకండి.

చెడిపోయిన ఆర్‌వో ప్లాంటు సంగతి విలేకరి అడగకముందే మీరే చెప్పండి. కొబ్బరి మొక్కలైనా అంతే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరంలో తోటలకు తోటలే కూల్చింది. ఆ తర్వాత మొక్కలు పంచిన రోజు ఫొటో ఏ సంస్థ దగ్గరైనా ఉంటుంది. నాటు కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అన్నేళ్లూ మీ వార్షిక సమావేశంలో బతికినవెన్ని, చచ్చినవెన్ని అని లెక్క చెప్పాలి. చెప్పేది నాటిన రైతు కావాలి. మీ డైరెక్టరుగారు ఎదుట కూర్చుని రాసుకోవాలి.