మా ఇంటా వంటా లేని సీఈసీ

పదో తరగతి ఫలితాలొచ్చిన రోజున మా మేనల్లుడు ఇంటర్లో సీఈసీ తీసుకుంటానన్నాడు. మా అక్క చేతిలోని స్వీటు డబ్బా మూత మళ్ళీ పెట్టేసింది. బావ నావైపు చూసిన చూపు, వాడి చెవిలో నేనే ఊదానన్నట్టుంది. "వీడికి లెక్కలు రావా ఏంటోయ్?" అన్నాడు గొంతు తగ్గించి. లెక్కల్లో తొంభై దాటాయి మహాప్రభో!

బావది కిరాణా కొట్టు. "నాలాగే పొట్లాలు కట్టుకుంటావురా?" అని వాణ్ణి నిలదీశాడు. ఆ పొట్లాల మీదే ఇంటికి రెండో అంతస్తు లేచిందన్న సంగతి చర్చకు రాలేదు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది మొదలు, నెల తిరిగేసరికి ఆడిటర్‌గారి గుమ్మంలో చేతులు కట్టుకు నిలబడేదీ ఈయనే. ఆ ఆడిటర్‌గారు ఇంటర్లో ఏ గ్రూపో ఎప్పుడూ అడిగినట్టు లేదు.

పిల్లల్ని మాత్రం ఏమనగలం? మన రాష్ట్ర సిలబస్‌లో పదో తరగతి దాకా కామర్స్ పుస్తకమే ఉండదు. సల్ఫ్యూరిక్ ఆమ్లం ఫార్ములా నిద్రలో లేపినా చెప్తారు, చెక్కు మాత్రం సినిమాలో చూసుంటారు. ఇక గ్రూపు ఎంచుకోవడానికి మిగిలిన ఆధారం పక్కింటి అన్నయ్య మాట: "సీఈసీలో లెక్కలుండవురా." అది నమ్మి చేరినవాడికి మొదటి నెలలోనే చిట్టా, ఆవర్జా, ఆ వెనకే అంకణా ఎదురొస్తాయి. అటూ ఇటూ మొత్తాలు కలవక వాడు తల పట్టుకుంటాడు.

ఇదే కామర్సు, ఇదే ఎకనామిక్సు. సివిక్స్ తీసేసి మ్యాథ్స్ పెడితే ఎంఈసీ. అప్పుడు తండ్రి మీసం మెలేసి "మావాడు సీఏ చేస్తాడు" అంటాడు. గుంటూరు, విజయవాడ కోచింగుల మాట ఎత్తుతాడు. రాజ్యాంగం చదివితే మార్కులు రానివాడు, సమాకలనం చేస్తే మేధావి!

ఎంపీసీలో చేరినవాడి కథా చూస్తున్నాం. నాలుగేళ్ళ బీటెక్ అయ్యాక ఐసెట్ రాసి ఎంబీఏలో చేరతాడు. అక్కడ మొదటి సెమిస్టర్లో, ఇరవై రెండేళ్ళ వయసులో, డెబిట్ ఎడమవైపు రాయాలని నేర్చుకుంటాడు. సీఈసీ కుర్రాడికది పదహారేళ్ళకే తెలుసు.

అసలు మనకు వాణిజ్యం పడదంటే నేను ఒప్పుకోను. 1494లో వెనిస్‌లో పాచియోలీ జంటపద్దు విధానాన్ని అచ్చులో పెట్టాడంటారు గానీ, మా అక్క బీరువాలో చదివింపుల పుస్తకం ఆయన కూడా చూడాల్సిన వస్తువు. గృహప్రవేశానికి ఎవరు 116 చదివించారో, ఎవరు 516 చదివించారో, వాళ్ళింటి పెళ్ళికి మనం తిరిగి ఎంత పెట్టామో, ఎవరి దగ్గర ఇంకా రావాలో పేజీ తిప్పకుండా చెప్తుంది. పాతికేళ్ళ బాకీలు, ఒక్క అంకె తప్పు లేదు. ఆవిడే డ్వాక్రా సంఘం లెక్కలూ చూస్తుంది. ఆవిడే అంది: "మనింటా వంటా లేని చదువు మనకెందుకురా!"

వాడు ఎంపీసీలోనే చేరాడు. మొదటి వాయిదా ఫీజు బావ కొట్టు గల్లాపెట్టెలోంచి తీసి కట్టి, ఏ పద్దులో రాయాలో తెలియక ఆడిటర్‌గారికి ఫోన్ చేశాడు. "సొంతవాడకాలు అని రాయండి" అన్నారాయన.