గ్రాఫయ్య

అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, గచ్చిబౌలిలో ఆ అంతస్తు మొత్తానికీ అతను గ్రాఫయ్యే. క్లౌడ్ నడిపే ప్రతి ఆఫీసులోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు. గోడకు గ్రాఫులతో నాలుగు టీవీలు, బల్ల మీద రెండు మానిటర్లు, చేతిలో చల్లారిపోయిన ఇరానీ చాయ్.

తణుకు నుంచి తండ్రి ఫోన్ చేశాడు. "నీ ఉద్యోగమేంట్రా? ఎవరైనా అడిగితే చెప్పలేక చస్తున్నాను."

"సర్వర్లు, నెట్‌వర్కు సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూస్తూ ఉంటా నాన్నా."

"చూడ్డానికే జీతమా! మరి బాగుచేసేదెవరు?"

"అది వేరే టీమ్."

మనుషుల మాట నమ్మడు, సగటును అసలే నమ్మడు. చుట్టాల పెళ్ళిలో వంటాయన "బంతి సగటున ఇరవై నిమిషాల్లో లేస్తోంది బాబూ" అన్నాడు పాపం. "సగటు నాకొద్దు. ఆఖరి వరుసలో ఆఖరి విస్తరికి పప్పు ఎప్పుడొచ్చిందో చెప్పు!" అని నిలదీశాడు. ఒప్పుకోవాలి, ఈ విషయంలో న్యాయం అతని పక్షానే ఉంది. నెట్‌వర్కులో ఐదు నిమిషాలకోసారి ట్రాఫిక్ లెక్క తీసి సగటు కట్టే పాత పద్ధతిలో, మధ్యలో ఒక్క సెకను లింకు నిండిపోయి ప్యాకెట్లు రాలిపోయినా గ్రాఫు గీత మీద చిన్న గుబ్బ కూడా లేవదు.

పచ్చరంగన్నా అనుమానమే. 2017 ఫిబ్రవరి 28న అమెరికాలో అమెజాన్ స్టోరేజీ సేవ ఎస్3 పడిపోయిన వైనాన్ని హరికథలా చెబుతాడు. సేవల ఆరోగ్యం చూపించే పేజీని మార్చే సాధనం కూడా ఎస్3 మీదే ఆధారపడటంతో, కొంపలంటుకున్నా ఆ పేజీ కాసేపు పచ్చగానే ఉండిపోయింది. ఈ కథ కొత్తగా చేరినవాళ్ళందరికీ తప్పదు.

జబ్బు పట్టుకోవడం ఇప్పుడంత తేలిక కాదు మరి. పూర్వం ఒక పెట్టె అంటే ఒక సర్వరు. వైరు పట్టుకుని వెళ్తే జబ్బు దొరికేది. ఇప్పుడు ఒక్క హోస్టులో పదుల కొద్దీ వర్చువల్ మెషీన్లు (వీఎంలు). వాటిలో ఒకే నెట్‌వర్కులో ఉన్న రెండు మాట్లాడుకుంటే ఆ మాట లోపలి వర్చువల్ స్విచ్‌లోనే తేలిపోతుంది, బయటి స్విచ్‌కి తెలియనే తెలియదు. పైగా వీఎం నడుస్తూ నడుస్తూనే రాత్రికి రాత్రి ఇంకో హోస్టుకు మకాం మార్చేస్తుంది.

ఒక సోమవారం పొద్దున్నే రిపోర్టుల అప్లికేషన్ స్తంభించింది. బ్రిడ్జ్ కాల్‌లో పాతికమంది.

"కోడ్ ముట్టుకోలేదండీ. నెట్‌వర్కే," అన్నాడు అప్లికేషన్‌వాడు.

"పింగ్ ఒక్క మిల్లీసెకనులో వస్తోంది. మాది కాదు," అన్నాడు నెట్‌వర్క్‌వాడు.

స్టోరేజీవాడు మ్యూట్ తీసి "మా దగ్గర అంతా గ్రీన్" అని మళ్ళీ మ్యూట్‌లోకి పోయాడు. జబ్బేమిటో తర్వాత సంగతి, ముందు తన మెడకు చుట్టుకోకుండా చూసుకోవడం ఆ కాల్‌లో ప్రతివాడి ఇలవేల్పు.

గ్రాఫయ్య గొంతు సవరించుకున్నాడు. "లాగిన్ అవుతోందా?"

"అవుతోంది."

"పెద్ద రిపోర్టు?"

"తిరుగుతూనే ఉంది."

"అయితే ప్యాకెట్ సైజు పెంచి, ముక్కలు చెయ్యొద్దని చెప్పి పింగ్ కొట్టండి."

కొట్టారు. జవాబు లేదు. విషయమేమిటంటే, వర్చువల్ నెట్‌వర్కును మోసే వీఎక్స్‌లాన్ ప్రతి ప్యాకెట్‌కూ ఇంకో 50 బైట్ల తొడుగు వేస్తుంది. 1500 బైట్ల నిండు ప్యాకెట్ 1550 అవుతుంది. ఆదివారం రాత్రి ఆ అప్లికేషన్ వీఎం చేరిన కొత్త హోస్టు తాలూకు స్విచ్ పోర్టులో ప్యాకెట్ సైజు పరిమితి ఇంకా 1500 దగ్గరే ఉంది. గుమ్మంలోంచి మనిషి దూరాడు గానీ, మంచం నెత్తిన పెట్టుకున్నవాడు పట్టలేదు. పింగ్, లాగిన్ ఒట్టి చేతులతో వెళ్ళే బాపతు.

పరిమితి పెంచారు, రిపోర్టులు కదిలాయి. తప్పెవరిదో రాసుకునే దగ్గర ఇంకో గంట పట్టింది. నెట్‌వర్క్‌వాడు ఒప్పుకోలేదు, వర్చువలైజేషన్‌వాడు తలొగ్గలేదు. చివరికి "కాన్ఫిగరేషన్‌లో స్వల్ప వ్యత్యాసం" అని, ఎవరి పేరూ లేకుండా రాశారు.

"మళ్ళీ ఇలా జరక్కుండా ఏం చేద్దాం?" అన్నాడు మేనేజరు.

"ఇంకో గ్రాఫు పెడదాం సార్."

"ఎక్కడ పెడతావయ్యా, గోడ నిండిపోయింది!"

"పక్క గోడకు టీవీ కావాలని పొద్దున్నే రిక్వెస్ట్ పెట్టేశాను సార్. మీ అప్రూవల్ దగ్గరే ఆగింది. మూడు గంటల పదకొండు నిమిషాలు అయింది."