శేషశయనం గారి సైకిలు

కృష్ణ ఒడ్డున విష్ణుమూర్తిని రెండు భంగిమల్లో చూడొచ్చు. మా కూచిపూడికి దగ్గర్లోని శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువై నిటారుగా నిలబడి ఉంటాడు. బెజవాడకు ఏటి అవతల ఉండవల్లి గుహలో కాళ్లు చాపుకుని పడుకుని ఉంటాడు. కృష్ణదేవరాయల కలలోకొచ్చి ఆముక్తమాల్యద రాయమన్నది నిలబడ్డాయన. అలాగని పడుకున్నాయన్ని ఎవరూ చిన్నచూపు చూడలేదు. ఇద్దరిలో ఎవరు మేలని భక్తులు తగువులాడుకున్నట్టు నేనెక్కడా వినలేదు. ఆ తగువు సైకిళ్ల కోసం మిగిలిపోయింది.

శేషశయనం గారి అసలు పేరు అది కాదు. పడక్కుర్చీకి చక్రాలు తగిలించినట్టున్న బండి మీద వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపి, పామర్రు రోడ్డున మొదటిసారి కనిపించిన రోజే ఊరు ఆ పేరు ఖాయం చేసింది. ఆయన దాన్ని రికంబెంట్ అంటారు. మావాళ్లు పడక సైకిలంటారు. ఈ జాతివారు ఎక్కువమంది ఉండరు. మండలానికి ఒకరున్నా ఎక్కువే, ఆ ఒక్కరితోనే మండలానికి సరిపోతుంది కూడా.

ఈ జాతి లక్షణాలు చెబుతాను, గుర్తుపట్టండి. బ్యాంకులోనో కాలేజీలోనో రిటైరై ఉంటారు. నడుం ఎప్పుడో పట్టేసి ఉంటుంది. కొడుకో కూతురో అమెరికాలో ఉంటారు. వాళ్ల దగ్గరికి వెళ్లి, ఏమీ తోచక పార్కులో నడుస్తుంటే ఎవరో తెల్లాయన పడుకుని తొక్కుకుంటూ పోతాడు. అంతే, జన్మ ధన్యమైపోతుంది. వెళ్లేటప్పుడు ఆవకాయ మోసిన అట్టపెట్టెల్లోనే తిరుగు ప్రయాణంలో సైకిలు ముక్కలు ముక్కలుగా దిగుతుంది. బిగించడానికి పిలిచిన సైకిల్ షాపు అబ్బాయి, మామూలు చైన్లు రెండుమూడు కలిపినంత పొడుగున్న ఆ చైను చేత్తో పట్టుకుని, "మాస్టారూ, ఇది బావిలోకి దింపేదాండీ?" అని అడుగుతాడు.

కూచిపూడి కలాపంలో పాత్ర తెరవెనక నుంచి ఊరికే రాదు. ప్రవేశదరువుతో తానెవరో, తన గొప్పేమిటో చెప్పుకునే వస్తుంది. శేషశయనం గారూ అంతే. టీ బడ్డీ ముందు సైకిలాపి, మనం అడిగినా అడక్కపోయినా పురాణం ఎత్తుకుంటారు. "1914లో ఆస్కార్ ఎగ్ అనే స్విస్ ఆయన గంటలో 44.247 కిలోమీటర్లు తొక్కాడండీ. దాదాపు ఇరవయ్యేళ్లు దాన్ని ఎవడూ కదిలించలేకపోయాడు. 1933 జులైలో ఫ్రాన్సిస్ ఫోర్ అని ఒక రెండో శ్రేణి ఆటగాడు, షార్ల్ మోషే చేసిన పడక సైకిలు మీద 45.055 తొక్కి పారేశాడు. అప్పుడేం చేశారూ?" ఇక్కడ టీ ఒక గుటక. "మరుసటేడే సైకిలు సంఘంవాళ్లు, ఇది అసలు సైకిలే కాదు పొమ్మన్నారు!"

ఈ కథ నిజమే, సంవత్సరాలూ అంకెలూ సహా. 1934లో అంతర్జాతీయ సైకిలు సమాఖ్య పడక సైకిళ్లను పోటీల నుంచి వెళ్లగొట్టకపోతే ఇవాళ వాటి రాత వేరేగా ఉండేదనేవాళ్లు చాలామందే ఉన్నారు. కాకపోతే ఆయన దాన్ని చెప్పే తీరులో, ఆ రోజు పారిస్‌లో అన్యాయం జరిగింది స్వయంగా తనకే అనిపిస్తుంది.

తరవాతి ఘట్టం గాలి. కూర్చుని తొక్కేవాడు ఛాతీతో గాలిని నెట్టుకుంటూ పోవాలి. వాలి తొక్కేవాడు దాని కిందనుంచి జారుకుంటాడు. ఇదీ నిజమే. గంటకు పాతిక కిలోమీటర్లు దాటాక తొక్కేవాడి శ్రమలో ఎక్కువ భాగం గాలికే పోతుంది. పది పన్నెండు దగ్గర ఆ లెక్క పెద్దగా పనిచేయదు. ముందు గడ్డి ట్రాక్టరు రోడ్డంతా నిండి కదులుతుంటే, పక్కన గేదెలు కాలవలోంచి లేచి ఒళ్లు దులుపుకుంటుంటే, పామర్రు రోడ్డున పాతిక తొక్కనిచ్చేదెవరు? ఆయన సైకిలుకున్న గొప్పంతా మన రోడ్డు ఒప్పుకోని వేగంలో ఉంది.

పైగా నెమ్మదిగా పోతే పడక సైకిలు నిలవదు. పిల్లలు తరంగంలో పళ్లెం అంచు మీద నిలబడి, నెత్తిన నీళ్ల చెంబుతో కదిలే ఊరు ఇది. అలాంటి ఊళ్లో ఆయన బయల్దేరేటప్పుడు మూడుసార్లు కాలు దించి, నాలుగోసారి పట్టు దొరికించుకుంటుంటే కళాక్షేత్రం నుంచి వచ్చే అమ్మాయిలు నవ్వు ఆపుకోవడానికి పడే అవస్థ చూడాల్సిందే. మొదట్లో ఆయన్ని దాటిపోతున్న ఆటోలు వెనక్కి తిరిగొచ్చేవి. "ఏవండీ, దెబ్బలేమన్నా తగిలినయ్యా?" అని ఇద్దరు దిగి, చెరో రెక్కా పట్టి లేపబోయేవారు.

కుక్కల సంగతి వేరు. మామూలు సైకిలువాడికి కుక్క మడమ దగ్గర ఉంటుంది. ఈయనకు సరిగ్గా ముఖానికి ముఖం.

అంత కిందున్న మనిషి లారీవాడికి కనపడాలిగా? అందుకని వెనక పొడుగాటి పుల్లకు ఒక జెండా కట్టారు. దాంతో అసలు గొడవ మొదలైంది. ఈ జిల్లాలో సైకిలంటే ఉత్త బండి కాదు. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు ఇక్కడికి దగ్గర్లోనే ఉంది. 1982లో ఆయన పెట్టిన పార్టీ గుర్తు సైకిలే. "జెండా ఏ పార్టీదండీ?" అని ఒకరు, "సైకిలు పడుకుందేం మాస్టారూ?" అని ఎదుటి పక్షం నుంచి ఇంకొకరు. గుర్తును వెల్లకిలా వేసి అవమానిస్తున్నారని ఇటువైపు పెద్దమనిషి ఒకాయన నిజంగానే నొచ్చుకున్నాడు. గాలి నిరోధం గురించి శేషశయనం గారు ఇచ్చిన వివరణ ఇద్దరినీ సమానంగా అనుమానంలో పడేసింది. ఎన్నికలప్పుడు ఆయన సైకిలు బయటికి తీయరు.

ఆయనకు సరైన జోడీ ఆదివారం పొద్దున్నే బెజవాడ నుంచి ఉయ్యూరు మీదుగా వచ్చే గేర్ల సైకిలు కుర్రాడు. బిగుతు నిక్కరు, వంపు హ్యాండిలు, బొటనవేలంత టైరు. వాడూ ఇదే బడ్డీ దగ్గర ఆగుతాడు. దిగి ముందు మెడ తిప్పుకుంటాడు, తరవాత మణికట్లు విదుల్చుకుంటాడు, కూర్చోవడానికి బెంచీ చూపిస్తే వద్దంటాడు. శేషశయనం గారికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. "చూశావా అబ్బాయ్, బరువంతా చేతుల మీదా మెడ మీదా పెట్టావు. నాకు వీపంతా దిండే." కుర్రాడు వంతెన చూపిస్తాడు. కాలవ వంతెన ఎక్కేటప్పుడు వాడు సీటు మీంచి లేచి, ఒంటి బరువంతా పెడల్ మీద వేసి నాలుగు తొక్కులు తొక్కి దాటేస్తాడు. ఈయన లేవలేరు. చిన్న గేరులో కాళ్లు ఆడిస్తూ, భారమంతా దేవుడికి వదిలి పైకి పాకాలి. గుంటొస్తే కుర్రాడు పిర్ర లేపుతాడు. ఈయన వెన్నుపూసలు ఒక్కొక్కటే హాజరు పలుకుతాయి.

ఈ వాదంలో ఎవరి పక్షమని నన్నడిగితే, నడుం విషయంలో పెద్దాయనే గెలిచారంటాను. డెల్టా నేల చదును, ఎదురుగా కొండ లేదు, కాబట్టి ఆయన బండికి ఇంతకంటే మంచి దేశం దొరకదు. ఆగకుండా చాలా దూరం పోయేవాళ్లకు ఆ సుఖం చిన్నదేం కాదు. 1200 కిలోమీటర్ల పారిస్–బ్రెస్ట్–పారిస్ ప్రయాణంలో ఇలాంటి సైకిళ్లను రానిస్తారు కూడా. కానీ రోజువారీ సైకిలంటే మన వైపు దూరం పోవడం కాదు, ఆగడం. చేనుగట్టు దగ్గర ఒక కాలు నేలకానించి నీళ్లొచ్చాయా అని అడగాలి. క్యారేజీ మీద ఎరువు బస్తా వేసుకోవాలి. మనవణ్ణి ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకోవాలి. ఎదురొచ్చిన వియ్యంకుడి ముందు గౌరవంగా దిగి నిలబడాలి. పడుకుని వియ్యంకుణ్ణి పలకరించే పద్ధతి మన దగ్గర ఇంకా రాలేదు. ఆ కుర్రాడి రేసు సైకిలూ వీటికి పనికిరాదు. స్టాండు కూడా లేదు దానికి, గోడకి ఆనించాలి.

కాబట్టి నడుంనొప్పి, ఖాళీ రోడ్డు, చేతిలో డబ్బు, నలుగురు చూస్తే మురిసిపోయే గుణం, ఈ నాలుగూ ఉన్నవాళ్లు పడక సైకిలు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. సలహా కావాలంటే శేషశయనం గారు పూటంతా ఇస్తారు. ఉదయం పాలకేంద్రం దగ్గర మాత్రం అడక్కండి. అక్కడికాయన క్యాన్లు తగిలించుకుని పాత హెర్క్యులిస్ మీద వస్తారు.